తినే గంజాయి పదార్థాల్లో టీహెచ్‌సీ మోతాదు అంచనా

గంజాయి మత్తుకు ప్రధాన కారణమైన రసాయనం డెల్టా-9-టెట్రాహైడ్రోకెనాబినాల్. దీన్నే పొట్టిగా టీహెచ్‌సీ అంటారు. గంజాయి కలిపిన బ్రౌనీలోనో, కుకీలోనో, చెంచాడు నెయ్యిలోనో ఈ రసాయనం ఎన్ని మిల్లీగ్రాములు ఉందో లెక్కగట్టడాన్ని మోతాదు అంచనా అంటారు. లైసెన్సు ఉన్న కర్మాగారంలో తయారైన సరుకుకు ఈ పని ప్రయోగశాల చేసిపెడుతుంది. ఇంట్లో వండినదానికి కాగితం మీది గుణకారాలూ భాగహారాలే ఆధారం.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు, హైస్కూలు గణితం వస్తే చాలు. అయితే అది చెప్పేది మొత్తం వంటలో టీహెచ్‌సీ ఎంతకు మించి ఉండదన్న గరిష్ఠ పరిమితిని మాత్రమే. చేతిలో ఉన్న ఒక్క ముక్కలో ఎంత ఉందో, దాన్ని తిన్న మనిషికి ఏమవుతుందో ఆ లెక్క చెప్పదు. సగటును మోతాదు అనుకోవడమే ఈ విషయంలో జరిగే ప్రమాదాల్లో చాలావాటికి మూలం.

కెనడాలోనూ, కొలరాడో వంటి కొన్ని అమెరికా రాష్ట్రాల్లోనూ పెద్దలు తమ ఇంట్లో ఇలాంటి పదార్థాలు చేసుకోవడాన్ని స్థానిక చట్టం అనుమతిస్తుంది. భారతదేశంలో గంజాయి కలిగి ఉండటం, వాడటం నేరం. అందువల్ల ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా ఉత్తర అమెరికావి. భారతదేశపు పరిస్థితి చివరి విభాగంలో ఉంది.

చరిత్ర

గంజాయిని పొగ తాగడంతో పాటు తినడం, తాగడం కూడా చాలా పాత అలవాటే. ఉత్తర భారతంలో భంగు, పశ్చిమాసియాలోనూ ఉత్తర ఆఫ్రికాలోనూ తేనె, నెయ్యి, సుగంధ ద్రవ్యాలు కలిపిన లేహ్యాలు ఈ కోవలోవే. 1840లలో పారిస్‌లో వైద్యుడు జాక్-జోసెఫ్ మోరో, రచయిత తియోఫిల్ గోతియే మొదలైనవారు దవామెస్క్ అనే అలాంటి లేహ్యాన్నే తిని తమ అనుభవాలను రాసిపెట్టారు. మోరో 1845లో ప్రచురించిన గ్రంథం మత్తుకూ మానసిక వ్యాధులకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించిన తొలి వైద్య రచనల్లో ఒకటి.

మోతాదు అంచనాకు అందకపోవడం అప్పటి నుంచీ ఉన్న చిక్కే. అమెరికన్ యువకుడు ఫిట్జ్ హ్యూ లడ్లో 1857లో ప్రచురించిన 'ది హషీష్ ఈటర్' పుస్తకంలో మందుల దుకాణంలో దొరికిన గంజాయి సారంతో తన అనుభవాలు చెప్పాడు. మొదట తీసుకున్న మోతాదులు ఏ ప్రభావమూ చూపకపోవడంతో అతడు కొంచెం కొంచెం పెంచుతూ పోయాడు. చివరికి ఒక రాత్రి తీవ్రమైన భయంలో పడ్డాడు. 'ఏమీ కాలేదు కదా' అని మరికాస్త తీసుకోవడం అనే అదే వరస నేటి ఆసుపత్రి రికార్డుల్లోనూ కనిపిస్తుంది.

కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేసిన విలియం బ్రూక్ ఓషానెసీ 1839లో తన పరిశీలనలు ప్రకటించాక గంజాయి సారం పాశ్చాత్య వైద్యంలోకి వెళ్లింది. కానీ ఒక సీసాలోని మందు బలానికీ మరో సీసాలోని బలానికీ పొంతన ఉండేది కాదు. అసలు ఏ రసాయనాన్ని కొలవాలో అప్పటికి ఎవరికీ తెలియదు. అందువల్ల 20వ శతాబ్దం తొలి దశకాల్లో అమెరికా మందుల సంస్థలు గంజాయి సారాన్ని కుక్కలకు ఇచ్చి, అవి ఎంతగా తూలుతున్నాయో చూసి మందు బలాన్ని నిర్ణయించేవి. ఈ అస్థిరత వైద్యులు ఆ మందును వదిలేయడానికి ఒక కారణమైంది. 1932లో బ్రిటిష్ ఫార్మకోపియా, 1942లో అమెరికా ఫార్మకోపియా దాన్ని తమ జాబితాల నుంచి తొలగించాయి.

కొలవాల్సింది ఏమిటో 1964లో తేలింది. ఆ ఏడాది ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావోనీ టీహెచ్‌సీని శుద్ధరూపంలో వేరుచేసి, దాని నిర్మాణాన్ని వెల్లడించారు. నేటి లేబుళ్ల మీద కనిపించే మిల్లీగ్రాముల అంకెలన్నిటికీ పునాది ఆ పరిశోధనే.

ఇంటి వంట విషయానికి వస్తే, శాన్ ఫ్రాన్సిస్కోలో 'బ్రౌనీ మేరీ'గా పేరుపొందిన మేరీ జేన్ రాత్‌బన్ 1980లలో ఎయిడ్స్ రోగులకు గంజాయి బ్రౌనీలు పంచింది, బ్రౌనీల వల్లే పలుమార్లు అరెస్టయింది. వైద్య అవసరాలకు గంజాయిని అనుమతించిన 1996 నాటి కాలిఫోర్నియా ప్రజాభిప్రాయ సేకరణకు ఆమె ఉద్యమం బలం చేకూర్చింది.

రసాయన నేపథ్యం

పచ్చి గంజాయిలో టీహెచ్‌సీ చాలా తక్కువ. మొక్క తయారుచేసేది టీహెచ్‌సీఏ అనే ఆమ్లాన్ని. దానికి మత్తు గుణం లేదనే చెప్పవచ్చు. వేడి తగిలితే ఈ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి టీహెచ్‌సీ ఏర్పడుతుంది. దీన్ని డీకార్బాక్సిలేషన్ అంటారు. పొగతాగేటప్పుడు నిప్పు క్షణంలో చేసే ఈ పనిని వంటలో పొయ్యి లేదా ఓవెన్ నిదానంగా చేస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ పోయిన మేరకు బరువు తగ్గుతుంది. టీహెచ్‌సీఏ అణుభారం సుమారు 358.5, టీహెచ్‌సీ అణుభారం సుమారు 314.5. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.877 వస్తుంది. అంటే 100 మిల్లీగ్రాముల ఆమ్లం పూర్తిగా మారినా వచ్చేది 87.7 మిల్లీగ్రాముల టీహెచ్‌సీయే. ప్రయోగశాలలు 'మొత్తం టీహెచ్‌సీ' అని ప్రకటించే అంకె ఈ సూత్రంతో వస్తుంది: ఉన్న టీహెచ్‌సీకి, టీహెచ్‌సీఏను 0.877తో గుణించి కలపడం.

వేడి తక్కువైతే ఆమ్లం పూర్తిగా మారదు. వేడి ఎక్కువైనా, ఎక్కువసేపు గాలి తగిలినా టీహెచ్‌సీ కొంత ఆవిరవుతుంది, కొంత కెనాబినాల్ అనే బలహీనమైన పదార్థంగా మారుతుంది. టీహెచ్‌సీ నీటిలో దాదాపుగా కరగదు, కొవ్వులో తేలిగ్గా కరుగుతుంది. అందుకే ఇలాంటి వంటల్లో వెన్న, నెయ్యి, నూనె, పాలు తప్పనిసరిగా కనిపిస్తాయి.

అంచనా లెక్క

ప్రచారంలో ఉన్న లెక్కకు నాలుగు మెట్లున్నాయి. మొదట గంజాయి బరువును మిల్లీగ్రాముల్లో వేసుకుని, అందులో టీహెచ్‌సీఏ శాతాన్ని గుణిస్తారు. వచ్చినదాన్ని 0.877తో గుణిస్తారు. అందులో కొవ్వులోకి దిగే వంతు ఎంతో ఊహించి దానితో గుణిస్తారు. చివరికి ముక్కల సంఖ్యతో భాగిస్తారు.

ఉదాహరణకు 15 శాతం టీహెచ్‌సీఏ ఉన్న 5 గ్రాముల గంజాయిని తీసుకుంటే, 5,000 మిల్లీగ్రాముల్లో 15 శాతం 750. దాన్ని 0.877తో గుణిస్తే సుమారు 658 మిల్లీగ్రాములు. మొత్తం వంటలో ఉండగల గరిష్ఠ పరిమితి ఇది. అంతా కొవ్వులోకి దిగిందనుకుని 40 ముక్కలు చేస్తే, సగటున ముక్కకు 16 మిల్లీగ్రాములు దాటుతుంది.

ఈ అంకె అర్థం కావాలంటే పక్కన మరికొన్ని అంకెలు పెట్టుకోవాలి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1985లో ఆమోదించిన డ్రోనాబినాల్ అనే టీహెచ్‌సీ మందును సాధారణంగా ఒక్కసారికి 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. పరిశోధనల్లో పోలికకు వీలుగా అమెరికా జాతీయ మాదకద్రవ్య దుర్వినియోగ పరిశోధన సంస్థ 2021లో నిర్ణయించిన ప్రామాణిక యూనిట్ 5 మిల్లీగ్రాములు. కెనడాలో దుకాణంలో అమ్మే తినుబండారం ప్యాకెట్ మొత్తంలో 10 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదు. పైన చెప్పిన 5 గ్రాముల గంజాయి వంటలో అలాంటి ప్యాకెట్లు 65లో ఉండేంత టీహెచ్‌సీ ఉండవచ్చు. అనుభవం లేని మనిషికి అందులో ఒక్క ముక్క కూడా ఎక్కువే.

శాతాలు కంటిని మోసగిస్తాయి. అమెరికా 2018 వ్యవసాయ చట్టం డెల్టా-9 టీహెచ్‌సీ పొడి బరువులో 0.3 శాతానికి మించని మొక్కను హెంప్‌గా గుర్తించింది. ఎండుటాకు విషయంలో అది స్వల్పమే. అదే 0.3 శాతాన్ని 10 గ్రాముల మిఠాయికి వర్తింపజేస్తే 30 మిల్లీగ్రాములు అవుతుంది. అందువల్ల తినే పదార్థం విషయంలో అడగాల్సింది శాతం కాదు, ముక్కకు ఎన్ని మిల్లీగ్రాములు అన్నదే.

లెక్క ఎక్కడ తప్పుతుంది

మొదటి పొరపాటు ముడిసరుకు దగ్గరే మొదలవుతుంది. ఇంటి పెరటి మొక్కకు లేబుల్ ఉండదు. మిసిసిపీ విశ్వవిద్యాలయంలో మహమూద్ ఎల్‌సోహ్లీ బృందం అమెరికా అధికారులు పట్టుకున్న నమూనాలను ఏళ్ల తరబడి పరీక్షించింది. వాటిలో సగటు టీహెచ్‌సీ 1995లో సుమారు 4 శాతం ఉంటే 2014కు సుమారు 12 శాతానికి చేరింది. పాత పుస్తకంలోని పాళ్లను నేటి గంజాయికి వర్తింపజేస్తే మోతాదు మూడింతలవుతుంది. లేబుల్ ఉన్నా పూర్తి భరోసా లేదు. కొలరాడో దుకాణాల నుంచి కొన్న గంజాయి పూలపై 2023లో వెలువడిన అధ్యయనంలో సుమారు 70 శాతం నమూనాల్లో అసలు టీహెచ్‌సీ లేబుల్ మీద ఉన్నదానికన్నా 15 శాతానికి పైగా తక్కువ వచ్చింది.

రెండోది తూకం. ఒక గ్రాము అటూ ఇటూ చూపే వంటింటి కాటా మీద 5 గ్రాములు తూస్తే, అక్కడే 20 శాతం తేడా రావచ్చు. 70 శాతానికి పైగా టీహెచ్‌సీ ఉండే గాఢ సారాల విషయంలో ఈ తేడా మరీ ప్రమాదకరం. ఒక గ్రాము తేడా అంటే 700 మిల్లీగ్రాముల తేడా.

మూడోది వేడి, నాలుగోది కొవ్వులోకి దిగే వంతు. పిప్పిలో మిగిలేది, గుడ్డకూ గిన్నెకూ అంటుకుపోయేది ఎంతో ఇంట్లో కొలిచే దారి లేదు. ఈ అనిశ్చితులన్నీ ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. పై ఉదాహరణలో గంజాయి అసలు బలం 10 శాతమే ఉండి, అందులో సగమే నెయ్యిలోకి దిగిందనుకుంటే ముక్కకు 5.5 మిల్లీగ్రాములు వస్తుంది. అసలు బలం 20 శాతం ఉండి, మొత్తం దిగిందనుకుంటే 22 మిల్లీగ్రాములు వస్తుంది. ఒకే వంటకు రెండు న్యాయమైన ఊహలు నాలుగింతల తేడా చూపుతున్నాయి.

ఐదోది, అన్నిటికన్నా ముఖ్యమైనది కలగలుపు. పరమాన్నంలో జీడిపప్పు ఒకరి గిన్నెలో నాలుగు పడి మరొకరి గిన్నెలో ఒక్కటీ పడనట్టే, టీహెచ్‌సీ ఉన్న కొవ్వు పిండిలోనో చాక్లెట్‌లోనో సమంగా పరుచుకోదు. గట్టిపడే లోపు కొంత పైకి తేలుతుంది, కొంత అంచుల్లో చేరుతుంది. అందువల్ల ఒకే ట్రేలోని రెండు ముక్కలు ఒకేలా ఉండవు. నిన్న తిన్న ముక్క ఏమీ చేయలేదన్న అనుభవం ఈరోజు తినే ముక్కకు హామీ కాదు.

ప్రయోగశాల పరీక్ష

టీహెచ్‌సీని కొలవడానికి రెండు పద్ధతులు ప్రధానం. గ్యాస్ క్రోమటోగ్రఫీలో నమూనాను వేడిచేస్తారు కాబట్టి ఆ యంత్రంలోనే ఆమ్లం టీహెచ్‌సీగా మారిపోతుంది. ముందే రసాయన మార్పు చేస్తే తప్ప ఆమ్లం ఎంత, టీహెచ్‌సీ ఎంత అన్నది విడిగా తెలియదు. హెచ్‌పీఎల్‌సీ అనే ద్రవ క్రోమటోగ్రఫీలో అంత వేడి ఉండదు కనుక రెండింటినీ వేర్వేరుగా కొలవవచ్చు. అందుకే తినుబండారాలకు ఎక్కువగా దీన్ని వాడతారు.

యంత్రం మంచిదైనంత మాత్రాన ఫలితం సరైనదని చెప్పలేం. చక్కెర, పిండి, కొవ్వు, కోకో టీహెచ్‌సీని పట్టి ఉంచుతాయి. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ ప్రయోగశాలకు చెందిన రసాయన శాస్త్రవేత్త డేవిడ్ డాసన్ 2019లో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో ఒక వింత ఫలితాన్ని చూపాడు. పరీక్ష సీసాలో 2 గ్రాముల చాక్లెట్ వేసినప్పటికన్నా 1 గ్రాము వేసినప్పుడే టీహెచ్‌సీ పాళ్లు ఎక్కువగా, మరింత కచ్చితంగా వచ్చాయి. చాక్లెట్‌లోని కొవ్వే ఇందుకు కారణం కావచ్చని అతడి బృందం భావించింది.

లేబుళ్లు ఎంతవరకు నిజమో చూసిన అధ్యయనాల్లో ర్యాన్ వాండ్రే బృందం 2015లో జామా పత్రికలో ప్రచురించినది ప్రసిద్ధం. శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్, సియాటిల్ నగరాల్లో కొన్న 75 తినుబండారాల్లో 17 శాతానికే లేబుల్ సరిగ్గా ఉంది. 60 శాతంలో చెప్పినదానికన్నా టీహెచ్‌సీ తక్కువగా, 23 శాతంలో ఎక్కువగా ఉంది. ఆనాటి వైద్య గంజాయి దుకాణాల సరుకు పరిస్థితే అది. ఇంట్లో చేసిన అంచనా అంతకన్నా కచ్చితంగా ఉంటుందని ఆశించలేం.

శరీరంలో జరిగేది

మోతాదు సరిగ్గా తెలిసినా ఫలితం తెలిసినట్టు కాదు. పొగలో వచ్చిన టీహెచ్‌సీ ఊపిరితిత్తుల నుంచి నిమిషాల్లో మెదడుకు చేరుతుంది. తిన్నది పేగుల నుంచి నేరుగా కాలేయానికి వెళ్తుంది. అక్కడ ఎక్కువ భాగం విచ్ఛిన్నమవుతుంది, కొంత 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీగా మారుతుంది. ఈ పదార్థానికీ మత్తు గుణం ఉంది, ఇది మెదడులోకి తేలిగ్గా వెళ్తుంది. తిన్న గంజాయి మత్తు పొగ మత్తుకన్నా భిన్నంగా, బరువుగా ఉందని వాడినవారు చెప్పడానికి ఇదొక కారణం.

స్వీడన్‌లో ఓల్సన్, అగురెల్ తదితరులు 1980లో ప్రచురించిన ప్రయోగంలో 20 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉన్న చాక్లెట్ కుకీ తిన్నవారి రక్తంలోకి సగటున 6 శాతమే చేరింది. పొగ ద్వారా 18 శాతం చేరింది. తిన్నప్పుడు రక్తంలో అంకె చిన్నదైనా ప్రభావం చిన్నది కాదు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో 10, 25, 50 మిల్లీగ్రాముల బ్రౌనీలతో చేసిన ప్రయోగాల్లో 10 మిల్లీగ్రాములకు మత్తు తెలిసింది కానీ పనితీరు పరీక్షల్లో స్పష్టమైన లోపం కనిపించలేదు. 25, 50 మిల్లీగ్రాములకు ఆలోచన, చేతి పనితనం రెండూ దెబ్బతిన్నాయి. ఈ ప్రయోగాల్లో పాల్గొన్నవారు ఆరోగ్యవంతులైన పెద్దలు.

తిన్న గంజాయి ప్రభావం మొదలవడానికి అరగంట నుంచి రెండు గంటలు, పూర్తిగా తెలియడానికి నాలుగు గంటల దాకా పట్టవచ్చు. కడుపులో ఉన్న ఆహారం ఈ వేళలను ఇంకా మారుస్తుంది. డ్రోనాబినాల్ మందు సమాచార పత్రం ప్రకారం, కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనంతో దాన్ని తీసుకుంటే రక్తంలో గరిష్ఠ స్థాయి సుమారు నాలుగు గంటలు ఆలస్యమవుతుంది, శరీరానికి అందే మొత్తం సుమారు 2.9 రెట్లు పెరుగుతుంది. విందు తర్వాత తిన్న ముక్క, ఖాళీ కడుపున తిన్న ముక్క ఒకటి కావు.

జన్యువులదీ ఇందులో పాత్ర ఉంది. టీహెచ్‌సీని విచ్ఛిన్నం చేసే సీవైపీ2సీ9 ఎంజైమ్ కొందరిలో మందకొడిగా పనిచేస్తుంది. దాని ఒక రూపాన్ని తల్లిదండ్రులిద్దరి నుంచీ పొందినవారిలో రక్తంలోని టీహెచ్‌సీ పరిమాణం ఇతరులకన్నా సుమారు మూడింతలు ఉంటుందని 2009 నాటి జర్మన్ అధ్యయనం చూపింది. గంజాయిలోని మరో రసాయనమైన సీబీడీని కలిపితే మత్తు తగ్గుతుందన్న నమ్మకం కూడా నిలబడలేదు. 2023లో వెలువడిన జాన్స్ హాప్కిన్స్ ప్రయోగంలో 20 మిల్లీగ్రాముల టీహెచ్‌సీకి 640 మిల్లీగ్రాముల సీబీడీ కలిపి తినిపిస్తే మత్తు తగ్గలేదు, పెరిగింది. టీహెచ్‌సీని విచ్ఛిన్నం చేసే ఎంజైములను సీబీడీ అడ్డుకోవడం దీనికి కారణం.

డెన్వర్ మరణం

ఈ శాస్త్రమంతా ఒక్క సంఘటనలో ఎలా కలిసిందో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ 2015లో నమోదు చేసింది. కొలరాడోలో 2014 జనవరి 1న గంజాయి చిల్లర అమ్మకాలు మొదలయ్యాయి. మార్చిలో ఆ రాష్ట్రంలోని డెన్వర్‌లో 19 ఏళ్ల యువకుడొకడు మరొకరు కొన్న కుకీని తినడం మొదలుపెట్టాడు. దుకాణంలో చెప్పినట్టు మొదట ఒక ముక్కే తిన్నాడు. అరగంట నుంచి గంట లోపు ఏ ప్రభావమూ తెలియకపోవడంతో మిగతాదీ తినేశాడు. తర్వాత రెండు గంటల్లో మాటలు తడబడ్డాయి, ప్రవర్తన మారింది. మొదటి ముక్క తిన్న సుమారు మూడున్నర గంటలకు నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి దూకి చనిపోయాడు. ఆ కుకీలో లేబుల్ ప్రకారం 65 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, అంటే ఆరున్నర మోతాదులు ఉంది.

అక్కడ అంకె తెలియక ప్రమాదం జరగలేదు. అంకె లేబుల్ మీదే ఉంది, కానీ కుకీ ఒక్కటే ముక్కగా ఉంది, ప్రభావం ఆలస్యంగా వచ్చింది. ఆ మరణం తర్వాత కొలరాడో నిబంధనలు మార్చింది. 2015 ఫిబ్రవరి నుంచి 10 మిల్లీగ్రాముల మోతాదులు విడివిడిగానో, తేలిగ్గా విరిగేలా గీతలతోనో ఉండాలని నిర్దేశించింది.

తినుబండారాల భారం ఆసుపత్రుల మీద వాటి అమ్మకాల వాటాకన్నా చాలా ఎక్కువ. కొలరాడోలోని ఒక పెద్ద ఆసుపత్రి లెక్కల ప్రకారం 2014-16 మధ్య గంజాయి వల్ల అత్యవసర విభాగానికి వచ్చిన కేసుల్లో 10.7 శాతం తినుబండారాల వల్ల వచ్చినవి. టీహెచ్‌సీ బరువు లెక్కన రాష్ట్ర అమ్మకాల్లో వాటి వాటా 0.32 శాతమే.

చట్టాల పరిమితులు

కొలరాడోలో ఒక మోతాదుకు 10, ప్యాకెట్‌కు 100 మిల్లీగ్రాములు గరిష్ఠం. కెనడా మరింత జాగ్రత్త పడింది. 2018 అక్టోబరు 17న గంజాయి చట్టం అమల్లోకి వచ్చినా తినుబండారాలకు ఏడాది తర్వాతే అనుమతి ఇచ్చింది, ప్యాకెట్ మొత్తానికి 10 మిల్లీగ్రాములే పరిమితి పెట్టింది. కొత్తవారు 2.5 మిల్లీగ్రాములకు మించకుండా మొదలుపెట్టి, పూర్తి ప్రభావం తెలిసేదాకా ఆగాలని ఆ దేశపు ఆరోగ్య శాఖ సూచిస్తుంది.

ఇంటి వంటకు మాత్రం మిల్లీగ్రాముల పరిమితి లేదు. సేంద్రియ ద్రావకాలతో సారం తీయడాన్ని కెనడా చట్టం నిషేధించింది కానీ వెన్నలో వండుకోవడాన్ని నిషేధించలేదు. దుకాణపు సరుకుకు ఉన్న పరీక్ష, లేబుల్, పిల్లలు తెరవలేని మూత, హెచ్చరిక గుర్తు ఇవేవీ ఇంటి ట్రేకు ఉండవు.

పిల్లలు

మోతాదు అంచనా పూర్తిగా విఫలమయ్యేది పసిపిల్లల విషయంలో. పెద్దల కోసం లెక్కగట్టిన ముక్క పన్నెండు కిలోల పాప చేతికి చిక్కితే ఆ లెక్కకు అర్థమే ఉండదు. అమెరికా విషప్రభావ సమాచార కేంద్రాలకు ఆరేళ్ల లోపు పిల్లలు గంజాయి తినుబండారాలు తిన్నట్టు వచ్చిన కేసులు 2017లో 207 ఉండగా 2021లో 3,054కు పెరిగాయి. వాటిలో 97 శాతం ఇళ్లలోనే జరిగాయి. పిల్లల్లో అతినిద్ర, తూలుడు, వాంతులతో మొదలై స్పృహ తప్పడం, శ్వాస మందగించడం దాకా వెళ్లవచ్చు.

జంతువులు, పండ్లు, మనుషుల ఆకారంలో గమ్మీలు చేయడాన్ని కొలరాడో 2017లో నిషేధించింది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం మిఠాయిలు, చాక్లెట్ల రూపంలో గంజాయి అమ్మకాన్నే అనుమతించలేదు. తినుబండారాలకు అనుమతి ఉన్న రాష్ట్రాలతో పోలిస్తే అక్కడ పిల్లల ఆసుపత్రి చేరికలు తక్కువగా పెరిగాయి. ఇంట్లో ఇలాంటి పదార్థం ఉన్నవారు దాన్ని తాళం వేసిన పెట్టెలో, స్పష్టమైన లేబుల్‌తో ఉంచాలి. మామూలు మిఠాయిల డబ్బాలో, ఫ్రిజ్‌లోని పళ్లేల్లో ఎప్పుడూ పెట్టకూడదు. చెప్పకుండా ఇతరులకు తినిపించడం సరదా కాదు, విషం పెట్టడమే.

అత్యవసర పరిస్థితి

టీహెచ్‌సీకి విరుగుడు మందు లేదు, వైద్యులు లక్షణాలకే చికిత్స చేస్తారు. పెద్దవారిలో భయం, గుండె దడ, వాంతులు, అయోమయం సాధారణ లక్షణాలు. ఒంటరిగా వదలకుండా ప్రశాంతమైన చోట కూర్చోబెట్టాలి. మద్యం ఇవ్వకూడదు, వాహనం నడపనివ్వకూడదు, బాల్కనీలకూ మెట్లకూ దూరంగా ఉంచాలి. ఛాతీ నొప్పి, మూర్ఛ, లేపినా లేవకపోవడం, ఊపిరి మందగించడం, తనకో ఇతరులకో హాని చేసే ధోరణి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిల్లలైతే ఎంత తిన్నారో తెలియకపోయినా, లక్షణాలు మొదలవకపోయినా ఆలస్యం చేయకూడదు. వాంతి చేయించడానికి ప్రయత్నించకూడదు. మిగిలిన పదార్థం, ప్యాకెట్, తిన్న సమయం వైద్యులకు చెప్పాలి. అంచనా లెక్క ఏదైనా వేసి ఉంటే అది నిజంగా పనికొచ్చే చోటు ఇదే: గరిష్ఠంగా ఎంత తిని ఉండవచ్చో వైద్యుడికి తెలుస్తుంది.

భారతదేశంలో

1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, పూత లేదా కాయలున్న కొసలను గంజాయిగా, జిగురును చరస్‌గా నిర్వచించి నిషేధించింది. వాటితో చేసిన ఏ మిశ్రమమైనా, పానీయమైనా నిషేధంలోకే వస్తుంది. కొసలు కలవని ఆకులు, గింజలు ఈ నిర్వచనంలో లేవు. అందుకే రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో లైసెన్సు ఉన్న భంగు దుకాణాలు నడుస్తున్నాయి. ఆకుల్లో టీహెచ్‌సీ పూలలోకన్నా చాలా తక్కువ. అయినా ఆకు ఎంత నూరారు, పాలలో ఎంత దిగింది, గ్లాసులో ఎంత పోశారు అన్నదాన్ని బట్టి మోతాదు మారిపోతుంది. భంగు గ్లాసుకు మిల్లీగ్రాముల లేబుల్ లేదు.

హెంప్ గింజల సంగతి వేరు. వాటిని, వాటి నూనెను, పిండిని ఆహారంగా అనుమతిస్తూ భారత ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021లో నిబంధనలు తెచ్చింది. కిలో గింజల్లో టీహెచ్‌సీ 5 మిల్లీగ్రాములకు, కిలో నూనెలో 10 మిల్లీగ్రాములకు మించకూడదు. ఇంత తక్కువ పరిమితికి లోబడిన గింజలు చెంచాడు తిన్నా మత్తు రాదు.

తెలుగు రాష్ట్రాల్లో అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం, ఆంధ్ర-ఒడిశా సరిహద్దు గంజాయి సాగుకూ రవాణాకూ చాలాకాలంగా వార్తల్లో ఉన్నాయి. తెలంగాణలో గంజాయి కలిపిన చాక్లెట్లను అధికారులు పలుమార్లు పట్టుకున్నారు. అలాంటి చాక్లెట్‌కు ఏ అంచనా లెక్కా వర్తించదు. అందులో ఏ భాగం, ఎంత, ఇంకేమి కలిపారో తినేవాడికే కాదు, అమ్మేవాడికీ తెలియదు.

అమెరికాలోని తెలుగువారు మరో విషయం గుర్తుంచుకోవాలి. రాష్ట్ర చట్టం అనుమతించినా కేంద్ర చట్టం ప్రకారం గంజాయి నిషిద్ధమే. రాష్ట్ర చట్టానికి లోబడి వాడినా అది పౌరసత్వ దరఖాస్తుకు అడ్డంకి కావచ్చని అక్కడి వలస సేవల సంస్థ 2019లో స్పష్టం చేసింది. చదువు, ఉద్యోగ వీసాల మీద ఉన్నవారికి కూడా ఈ ముప్పు ఉంది. గమ్మీలను సామానులో పెట్టుకుని భారత్‌కు తేవడం ఇక్కడి చట్టం ప్రకారం నేరం.

చట్టభయం వైద్యానికి అడ్డు రాకూడదు. తిన్నది దాచిపెడితే వైద్యులు పక్షవాతమనో, మెదడు జ్వరమనో అనుమానించి అనవసరమైన పరీక్షల వైపు వెళ్తారు, విలువైన సమయం పోతుంది. అత్యవసరమైతే 108కు, అలవాటు నుంచి బయటపడాలంటే జాతీయ వ్యసన విముక్తి సహాయ కేంద్రం 14446కు ఫోన్ చేయవచ్చు. స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొచ్చే వ్యసనపరులకు కొన్ని షరతులతో విచారణ నుంచి రక్షణను ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ కల్పిస్తోంది. ఎంత తిన్నారో తెలియకపోయినా ఫర్వాలేదు. ఏమి తిన్నారో, ఎప్పుడు తిన్నారో నిజం చెబితే చికిత్స సరైన దారిలో మొదలవుతుంది.